నిదానం పందెం

ముడసర్లోవ నీళ్ళ ఒడ్డున
అటవీశాఖ వాళ్ళ ఆకుపచ్చ బోర్డు:
"సులువైన దారి. నడకకూ, సైకిలుకూ.
రెండు కిలోమీటర్లు."
వరహాలక్క కళ్ళజోడు పైకి తోసి చదివి
"ఎవలికే సులువు?" అంది.

కొత్త మోకాలు పెట్టించుకుని పదకొండు వారాలు.
రోజూ అరగంట నడవాలన్నాడు డాక్టరు,
ఎత్తుపల్లాలు లేనిచోట.
విశాఖలో, ఎత్తుపల్లాలు లేనిచోట!
మా ఇల్లు వాలు, వీధి వాలు,
రైతుబజారు మెట్ల మీద ఉల్లిపాయ జారితే
సముద్రం దాకా ఆగదు.
అందుకే ఆదివారం పొద్దున్నే ఇక్కడ.
ఆమె కర్రతో,
నేను పక్కింటి కుర్రాడి గేర్ల సైకిలుతో.

ఎర్రమట్టి దారి, రాత్రి మంచుకి అణిగి ఉంది.
ఎడమవైపు జీడిచెట్లు, పూత వాసన.
కుడివైపు నీళ్ళు,
నీళ్ళ మీద వరసగా సోలారు పలకలు,
పలకల మీద నీటికాకులు
రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి.
కరెంటు ఏ ఇంటికి పోయినా
ముందు వెచ్చబడేది వాటి చంకలే.

నడిచే మనిషి పక్కన సైకిలు తొక్కడం ఏమిటో
ఆ బోర్డు రాసినవాడికి తెలీదు.
సైకిలుని నిలబెట్టేది వేగం.
అక్క వేగమేమో
అడుగు, కర్ర, ఊపిరి,
అడుగు, కర్ర, డాక్టరుకో తిట్టు.
హ్యాండిలు గాలానికి చిక్కిన కోరమీనులా కొట్టుకుంటోంది.
అయినా నేను కాలు కింద పెట్టలేదు.

ఎనిమిదో తరగతిలో
గోపాలపట్నం హైస్కూలు మైదానంలో
నిదానం సైకిలు పందెం.
చివర వచ్చినవాళ్ళదే గెలుపు, కాలు ఆనిస్తే ఔటు.
అందరూ గీత దాటి, నీళ్ళు తాగి,
పుస్తకాల సంచులు భుజానేసుకునేటప్పటికి
నేనింకా సున్నపు గీతల మధ్య వణుకుతున్నాను.
స్టీలు టిఫిను గిన్నె ఇచ్చారు. మూత ఇప్పటికీ బిగుతే.
ఆ తర్వాత నలభై ఏళ్ళు
ఆఫీసు వేలిముద్రకి, ఇరవై ఎనిమిదో నంబరు బస్సుకి,
కుక్కరు మూడో కూతకి
ముందు పోవడమే సరిపోయింది.

వంపు తిరిగాక ఒక మాను,
హుద్‌హుద్‌కి పడిపోయింది.
పడ్డచోటే పడుకుని, మూడు కొమ్మల్ని మాత్రం
నిటారుగా లేపుకుంది.
అక్క దాని మీద కూలబడి, బెరడు తడిమి,
"దీనికి మోకాలు ఎవలు ఏసేరో
అడిగిరాయే" అంది.
నవ్వుతున్నాం. ఇంతలో
"సైడాంటీ, సైడాంటీ" అంటూ
ముగ్గురు పిల్లలు గంటలు కొట్టుకుంటూ దూసుకుపోయారు.
వాళ్ళ వెనకే చూస్తూ ఉండిపోయింది అక్క
చాలాసేపు.

"ఓలే నూకా, ఆ బండి ఇటియ్యి."
"డాక్టరు..."
"నడమన్నాడు గానీ తొక్కొద్దన్నాడేటి?"
కుచ్చిళ్ళు బొడ్లో దోపి
కర్ర నా చేతిలో పెట్టింది,
చంటిపిల్లని ఎత్తుకోమన్నట్టు.
అక్కడి నుంచి దారి కొంచెం దిగుతుంది,
బోర్డు మీద రాయనంత కొంచెం.
రెండు అడుగులు తూలింది. మూడోది
అడుగు కాదు.

పల్లం ఆమెని తీసుకుపోయింది.
చీర కొంగు జీడికొమ్మకి తగిలి వదిలేసింది,
గంట మోగింది, అవసరం లేకుండానే,
నీటికాకులన్నీ ఒకేసారి మెడలు తిప్పాయి.
అరవయ్యో ఏట మా అక్క అరుపు
కంబాలకొండ దాకా వెళ్ళి
ఒక నెమలి చేత బదులు చెప్పించుకొచ్చింది.

నేను నడుస్తున్నాను.
కర్రపిడి ఇంకా ఆమె చేతి తడితో ఉంది.
అడుగు, కర్ర, ఊపిరి.
ఈ లెక్కలో నడిస్తే
చీమలబారు కనిపిస్తుంది, తంగేడు మీద సాలెగూడు,
నీళ్ళల్లో రెండో ఆకాశానికి పడిన ముడతా
కనిపిస్తాయి.

దూరంగా ఒడ్డున సైకిలు ఆనించి
ఆమె చెయ్యి ఊపుతోంది:
"ఏటే అంతసేపూ?"
పందెం నియమం మర్చిపోయినట్టుంది.
గుర్తు చెయ్యలేదు.
ఇంకొంచెం నిదానించాను.