ఆరో గడి

పొట్టంగి కొండల మీద మంచు
పదిన్నరకి గానీ విడదు.
పల్లీ సభ తొమ్మిదింటికే పెట్టారు.
అందుకని మొదటి గంటసేపు
మాటలు వినపడ్డాయి గానీ మనుషులు కనపడలేదు.

నేను రాసేవాణ్ణి.
తెలుగులో చెబితే ఒడియాలో నింపుతాను,
ఫారానికి ఐదు రూపాయలు, ముసలివాళ్లకి ఊరికే.
పేరు, తండ్రి లేక భర్త, వయసు, ఊరు, కార్డు నంబరు:
ఈ ఐదు గడులూ ఏటా ఉన్నవే.
అరవై దాటితే చాలు,
ఓ కంబళి, ఓ బస్తా బొగ్గులు.
ఈ ఏడు ఆరో గడి వచ్చింది.
ఇంటిల్లిపాది ఆదాయం ఎంత, పైకప్పు దేనిది.

బ్లాకు ఆఫీసాయన మంచివాడే.
మఫ్లరు సర్దుకుంటూ చెప్పాడు:
"కంబళ్లు రెండొందలు. ముసలివాళ్లు ఆరొందలు.
లారీలున్న షావుకారు తల్లికీ
పుల్లలేరుకునే అవ్వకీ
ఒకటే తూకమా? మీరే చెప్పండి."
ఎవరూ చెప్పలేదు. అబద్ధం కాదుగా.

కూర్మినాయుడు లేచాడు.
"బాబూ, నాది స్లాబిల్లే. ఒప్పుకుంతాను.
గవర్మెంటోలే ఏసిచ్చినారు.
గడ్డింట్లో ఉన్నప్పుడు సాయంత్రం పొయ్యి ఎలిగిత్తే
తెల్లారిదాకా ఎచ్చగుండీది.
ఈ స్లాబు రాత్రల్లా చలి తాగి
తెల్లారగట్ల నా గుండెల మీద కక్కుతాది.
ఇల్లిచ్చినోలే ఇల్లుందని కంబలి కోసేత్తే
నానే కాయితం మీద ఏడవాల?"
నవ్వారు. తనూ నవ్వాడు.
నవ్వులోంచి దగ్గొచ్చి కూలబడ్డాడు.

ఘాసీరాం ఖిలో, డిగ్రీ తప్పిన కుర్రాడు, గోడకి ఆనుకునే అడిగాడు:
"లెక్క తియ్యండి సార్.
లెక్క తియ్యడానికి ఓ జీపు, ఓ గుమాస్తా,
ఇద్దరు సాక్షులు, మూడు సంతకాలు.
ఆ డీజిలుకి ఎన్ని కంబళ్లొస్తాయో
అదీ తియ్యండి."
ఆఫీసాయన డైరీలో ఏదో రాసుకున్నాడు.
ఏం రాసుకున్నాడో నాకిప్పటికీ తెలీదు.

తర్వాత గురుబారి పాంగి.
డెబ్భయ్యో ఎనభయ్యో.
కోసేసిన చోళ్ల చేలల్లో పరిగె ఏరుకుని బతుకుతుంది.
ఎవరిది కొట్టేసినా ఆమెది కొట్టెయ్యలేరు.
చెవుడు కదా, దేశియాలో గట్టిగా అడిగాను:
"నీకేముంది?"

నా అరుపు నాకే వినపడింది.
ఆమె నన్ను చూసింది. వెనక్కి తిరిగి ఊరిని చూసింది.
"రెండు మేకలున్నాయి" అంది.
లేవు. మొన్న వానల్లోనే పోయాయి.
"అల్లుడు పంపుతాడు" అంది.
ఆమెకి కూతురే లేదు.
కొంగు బిగించుకుని,
బొటనవేలు చాచకుండానే,
మంచులోకి నడిచిపోయింది.

అప్పుడు లేచింది వరహాలమ్మ,
ఆ లారీల షావుకారు తల్లే.
స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద ఇంకో శాలువా.
"ముందు నా పేరు రాయి" అంది.
సభ గొల్లుమంది.
"నవ్వండి, నవ్వండి.
పోయినేడు నేనూ లైన్లో ఉన్నాను, నా ముందు గురుబారి ఉంది.
కంబళి పుచ్చుకుంటే దాన్ని లేనిదనలేదెవరూ,
ముసల్దన్నారు, అంతే.
నా కంబళి ఖరీదు కావాలంటే
మా వాడి లారీల మీద పన్నేసి లాక్కోండి.
లైను మాత్రం చెడగొట్టకండి."
"రూలు నేను పెట్టలేదమ్మా" అన్నాడాయన.
అదీ అబద్ధం కాదు.

సాయంత్రం ఫారం పట్టుకుని వెళ్లాను.
వలిసె పూల చేను దాటి, గుడిసె ముందు
మొక్కజొన్న బెండ్లతో నెగడు వేసుకుంది గురుబారి.
అడగాల్సింది నోట్లోనే ఉంది.
కాస్త పక్కకి జరిగి
నా వైపు ఓ కాలుతున్న బెండు తోసింది.

చేతులు కాచుకున్నాను.
ఫారం జేబులో మడతలోనే ఉంది.
గడువు శుక్రవారం దాకా.