తొంభై అయిదు, తొంభై ఆరు

రాత్రి తొమ్మిదికి రిక్షాబండి మీద వచ్చిందది
గోనె కప్పుకుని.
పాలకొండ రోడ్డు మలుపు తిరక్కముందే
దాని వాసన వచ్చి నా కొట్టు తలుపు తట్టింది.
మాడిన వార్నిషు.
ఎన్ని ఉతుకులు ఉతికినా
నా కుచ్చెళ్ళు వదలని వాసన.

"ఊరికినే ఆగిపోనాది గన్నెమ్మా"
అన్నాడు తవిటినాయుడు మేస్త్రీ.
"రేపు బీ షిఫ్టుకల్లా కావాల."
వెనకాల ఎలట్రీషను అసిరయ్య
చేతులు కట్టుకుని నేల చూస్తన్నాడు.

ముందు ఫ్యాను టోపీ ఊడదీసేను.
లోపల జనపనార నూగు,
నూనె పీల్చి, పిచ్చిక గూడులా గట్టిపడి.
గాలి పోయే కన్నం ఒక్కటీ మిగల్లేదు.
"దీన్ని ఆఖరికి ఊదిందెప్పుడు?"
మేస్త్రీ బీడీ వెలిగించుకున్నాడు.

తరవాత మూత.
అయిదు హార్సు పవరు, స్టారు కట్టు,
పన్నెండు కట్టలు గుండ్రంగా కూచున్నాయి
పెళ్ళి పంక్తిలో లాగ.
రెండు బొగ్గు, ఒకటి తేనెరంగు,
మళ్ళీ రెండు బొగ్గు, ఒకటి తేనెరంగు.
నాకు బడి చదువు రాదు.
ఇది చదవడం వచ్చు.

ఒక ఫేజు పోయింది నాయుడూ,
ఎక్కడో ఫ్యూజు తెగింది.
మూడు భుజాల మీద మోసే పల్లకీ
రెండు భుజాల మీదికి దిగింది.
దించమని అరవడానికే కదా
పేనల్లో రిలే ఉన్నది?
మరదెందుకు అరవలేదు?

బీడీ పొగ తప్ప జవాబు లేదు.
మేస్త్రీ వెళ్ళేక
అసిరయ్య నెమ్మదిగా నోరిప్పేడు:
"గంటకోపాలి ట్రిప్పయిపోతంది అప్పా.
టన్నులు తగ్గిపోతన్నాయని
తొంభై అయిదుకీ తొంభై ఆరుకీ మజ్జిన
తీగముక్క ఎట్టీమన్నారు.
నానే ఎట్టినాను."

జానెడు తీగ.
అరిచే నోటికి కుట్టు.

ఆ రాత్రి నేనేమీ అనలేదు.
మాడిన రాగి లాగుతుంటే
చుట్టు చుట్టుకీ మసి రాలింది.
స్లాటు కాగితం కత్తిరించేను, కొత్త తీగ చుట్టేను,
పెదాలతో లెక్క పెట్టుకుంటూ.
మధ్యలో ఎవరు పిలిచినా పలకను,
లెక్క తప్పితే మొదటికే రావాలి.

తెల్లారగట్ల, వార్నిషు పొయ్యకముందు,
చింతగింజంత థర్మోస్టాట్లు మూడు
ఫేజుకొకటి చొప్పున
చుట్టల తలకట్టులో దాచి దారంతో కట్టేను.
ఎవరూ అడగలేదు. బిల్లులో రాయలేదు.
వేడి హద్దు దాటితే అవి విడిపోతాయి,
చల్లారితే వాటంతటవే కలుస్తాయి,
తోడికోడళ్ళలాగ.

రెండు వైర్లు బయటికి తీసి అసిరయ్యకి చూపించేను.
"కాంటాక్టరు కాయిలుకి వరసలో కలుపు.
దీన్ని కూడా తీగముక్కతో మూసీవచ్చు.
మూసినా నాకు తెలీదు,
మళ్ళీ నా దగ్గరికొచ్చినప్పుడు తప్ప."

నెల్లాళ్ళు పోయేక, ఆదివారం మధ్యాన్నం,
సైకిలు స్టాండు వేసి
జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టేడు.
రెండు కొనలూ నల్లబడ్డ
జానెడు తీగ.

"రాత్రి రెండుపాల్లు ఆగింది అప్పా.
మేస్త్రీ నా ఏడు తరాలనీ తిట్టీసినాడు.
తీగ ఎట్టనన్నాను.
'నువ్వెట్టకపోతే ఇంకొకడెడతాడు' అన్నాడు.
పేనలు తాళం నా మొలతాడుకుంది, అన్నాను.
నూగు ఊదుకొని కూకున్నాం
అది చల్లారిందాకా.
స్పిన్నింగు ఆడోలంతా ఫ్రేముల కిందన
కాళ్ళు సాపుకున్నారు.
పైడమ్మ కునుకు కూడా తీసినాది.
దాని గురక అప్పుడే ఇన్నాను,
మెషిన్ల హోరులో ఎప్పుడినపడతాది?"

"నీ ఉద్యోగం?" అన్నాను.
"సూడాల" అన్నాడు.
టీ తాగేడు. గ్లాసు తనే కడిగేడు.
సైకిలు రాజాం మెయిన్ రోడ్డు వేపు తిరిగింది.

మా కొట్టు తలుపు గొళ్ళెం ఊడిపోయి చాన్నాళ్ళయింది.
గాలొస్తే రాత్రంతా కొట్టుకుంటుంది.
ఆ తీగని రెండు మెలికలు తిప్పి
కన్నంలో దూర్చేను.
బాగానే పట్టుకుంది.