దిగాల్సిన స్టేజీ

పద్నాలుగేళ్లుగా శ్రీకాకుళం డిపోలో టికెట్లు కొడుతున్నాను.
టికెట్ దాటి రెండు స్టేజీలు ఎక్కువ కూర్చున్న మనిషిని
అడక్కుండానే పట్టేస్తాను.
అదే పనిగా కిటికీలోంచి బయటకే చూస్తాడు.
రోడ్డు మీద ఏ జీపు కనబడినా
మెడ లోపలికి లాక్కుంటాడు.
సీటు అందరి సీటు లాగే ఉంటుంది,
అతనికే కూర్చోడం రాదు.

మేం మొదట చూసిన ఇల్లు డే అండ్ నైట్ కూడలి వెనక,
నాలుగో అంతస్తు. లిఫ్టులో అద్దం.
హిమజ ఆ అద్దంలో జడ సరిచేసుకుంది,
పుట్టిందే అక్కడ అన్నట్టు.
బాల్కనీలోంచి నాగావళి, ఇసుక మధ్య సన్నగా,
పిండి ఆరేసిన పమిట లాగ.
మా ఆయన ముఖలింగం మోటార్లు చుట్టే మనిషి,
స్విచ్చులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు,
పల్లెత్తు మాట అనలేదు.
అంటే నచ్చిందన్నమాట.

బ్యాంకు కుర్రాడు మర్యాదస్తుడు.
నా జీతం చూసి, ముఖలింగం కొట్టు చూసి
"ముప్పై నాలుగు దాకా ఇస్తాం మేడమ్" అన్నాడు,
పెళ్లి భోజనంలో కొసరి వడ్డించినట్టు.

ఆ రాత్రి ఆఖరి ట్రిప్పు. బస్సులో ముగ్గురు, ఒక మేకపిల్ల.
పాడైన టికెట్ వెనక లెక్క రాసుకున్నాను:
వాయిదా, బియ్యం, హిమజ కాలేజీ,
మా అత్త షుగరు మందులు,
వానలు పడి పొలాల్లో మోటార్లు కాలని నెలలు.
(ఆ నెలల్ని మేం ఎప్పుడూ మర్చిపోతాం.)
కాగితం చాలలేదు, ఇంకోటి చింపాను.
అదీ చాలలేదు.
ఇస్తానన్నది బ్యాంకు లెక్క.
మా ఇంట్లో ఏ నెల ఏం కాలిపోతుందో దానికేం తెలుసు?

వద్దన్నాను.
హిమజ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
ఆడపడుచు గున్నమ్మ మాత్రం పని గట్టుకుని వచ్చి మాట్లాడింది.
"ఉద్దోగం సేస్తూ ఏటి వదినా ఈ పిరికితనం?
లోకమంతా అప్పు సేసే కడతంది గదా!"
టీ ఇచ్చాను. పంచదార కాస్త ఎక్కువే వేశాను.

చివరికి నా రూటే దారి చూపించింది.
బస్సు ముందుకెళ్లే కొద్దీ టికెట్ పెరుగుతుంది,
గజం ధర దిగుతుంది.
వంతెన దాటాక కూడా అడగడానికి నోరు రాలేదు,
నవభారత్ దగ్గర అడిగి ఊరుకున్నాం,
కుశాలపురంలో బేరమాడాం.
ఎచ్చెర్ల దాటాక, మట్టి రోడ్డు చివర,
డ్రిల్లు మాస్టారు బగాది సూరయ్య గారు
సగంలో ఆపేసిన ఇల్లు:
రెండు గదులు, రేకుల వంటిల్లు,
బయటి గోడకి పూత లేదు,
గేటుకి చోటుంది, గేటు లేదు.
చీటీ డబ్బులు, పీఎఫ్ లోను,
బ్యాంకు నుంచి తొమ్మిది లక్షలు.
"ఇంతేనా మేడమ్?" అన్నాడు కుర్రాడు,
విస్తట్లో సగం వదిలేసి లేచిపోయినట్టు చూసి.

పాలు పొంగించిన రోజు
గున్నమ్మ వచ్చిన ప్రతిసారీ తల వంచే లోపలికొచ్చింది.
గుమ్మం అంత పొట్టిదేం కాదు.

బోరు నీళ్లు ఇనప రుచి.
పెద్ద మంచం తలుపులో పట్టక
రెండు రోజులు వాకిట్లోనే ఉండిపోయింది.
దాని మీద కూర్చుని హిమజ జువాలజీ రికార్డు వేసుకుంది,
కప్ప గుండె, మూడు గదులు.
"కప్పక్కూడా మనకంటే ఒకటి ఎక్కువే" అంది.
నవ్వు వచ్చింది ఇద్దరికీ, ముందు దానికే.
సాయంత్రం ముఖలింగం మంచం కాళ్లు కోస్తుంటే
దగ్గర నిలబడి అడిగింది,
"నా గోడకి ఏం రంగు?"
రంగు వచ్చే ఏడు, అన్నాను.
రంపం మీదే ఉన్నాయి నా కళ్లు,
"నా" అన్న మాట విననట్టు.

ఇప్పుడు డ్యూటీ దిగాక
ఇంకొకళ్ల బస్సులో ఇంటికెళ్తాను,
సంచి ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్క.
మొన్న కుశాలపురం దగ్గర చెకింగు జీపు ఆపిందట.
బస్సంతా జేబులు తడుముకున్నారట.
నేను నిద్రపోతున్నాను.
నన్ను లేపలేదు.