బరువు ఏ కాలి మీద

మా ఆయన నస్టాజో పిండి బస్తాలు మోస్తాడు,
మర దగ్గర్నుంచి రొట్టెల బట్టీకి.
బొలోన్యాలో ఈ చలికాలం మాత్రం వేరే పని దొరికింది:
కాలవ పక్క చిత్రశాలలో
పరుగెత్తుతూ నిలబడటం.

నవ్వకండి, పని అదే.
దూలానికి తాడు, తాడుకి కుడి చెయ్యి,
ఎడమ మడమ కింద చెక్క దిమ్మ,
నడుము ఒకవైపు, భుజాలు ఇంకోవైపు,
నేను పిండే దుప్పటిలా మెలితిప్పి
"ఇక కదలకు, పరుగెత్తు" అంటాడట లత్తాన్‌జో.

గాజుబుడ్డిలో ఇసుకంతా రాలేదాకా పరుగు.

ఆ చిత్రకారుడికి ఒకటే పిచ్చి:
"బరువు ఏ కాలి మీదుందో చూపిస్తే చాలు,
తర్వాతి అడుగు జనమే వేసుకుంటారు."
ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వేవాడు మా ఆయన.
ముప్పై ఏళ్ళుగా బస్తాతో మెట్లెక్కేవాడికి
బరువెక్కడుందో ఇంకొకడు చెప్పాలా?
నవ్వి, తిమ్మిరెక్కిన కాలు నా ఒళ్ళో పెట్టేవాడు.
పరుగెత్తినవాడి కాలు అంత చల్లగా ఉండదు.

రంగులు నూరే కుర్రాడొకడుండేవాడక్కడ, ఫొస్కో.
పని లేనప్పుడు కిటికీలో కూర్చునేవాడు.
కిటికీ కింద కాలవ, గట్టున బట్టలుతుకుతూ మేం.
ఒకసారి అరిచాను:
"ఏం చూస్తావురా, మీ అమ్మ బట్టలుతకదా?"
"ఉతికేది" అన్నాడు.

ఈస్టర్‌కి పటం చర్చిలో ఎక్కింది.
హేరోదు సైనికులు పసిపిల్లల మీద పడ్డ రోజు.
మెడ సాచి వెతికితే దొరికాడు.
ముఖం ఎవరిదో, గడ్డం ఎవరిదో,
వీపు మాత్రం మా ఆయనదే,
బస్తా తాడు ఒరుసుకున్న మచ్చతో సహా.
కత్తెత్తి దూకుతున్నాడు.
పక్కింటి మార్సిబిలియా సిలువ గీసుకుంది.
నాకు భయమెయ్యలేదు.
ఆ కత్తి దిగదు. ఆ చేతికి తాడుంది.
గీయని దూలం నాకు కనిపిస్తూనే ఉంది.

అప్పుడు చూశాను, కింద మూల,
పిల్లాడి గుడ్డలు పట్టి వెనక్కి లాగే తల్లిని.
మోకాళ్ళు వంచి, మడమలు నేలకు తన్ని,
పిడికిళ్ళు రెండూ బిగబట్టి,
మోచేతి దగ్గర నరం ఉబ్బి...
దుప్పటికి అవతలి కొస మార్సిబిలియా పట్టుకుంటే
ఇవతలి కొస నేను.

ముఖం నాది కాదు.
ఎవరిదో తెలుసనే అనుకుంటున్నాను.

నన్నెవరూ నిలబెట్టలేదు,
ఒక్క రాగినాణెం ఇవ్వలేదు.
తాడు లేదు, దిమ్మ లేదు.
బరువంతా వెనక కాలి మీద.
తర్వాతి అడుగు నేను వెయ్యలేకపోయాను,
బయటికొచ్చేశాను.

సోమవారం రేవులో దుప్పటి కొస అందుకున్నాను.
"తిప్పవే" అంది మార్సిబిలియా.
తిప్పలేదు. కాసేపు అలాగే పట్టుకుని ఉన్నాను,
అవతల ఎవరో లాక్కుంటున్నట్టు.
నీళ్ళు వాటంతటవే కారాయి, మోచేతి దాకా.
పైన కిటికీ మూసి ఉంది.