యజమాని పేరు

సంత రోజు గుణుపురంలో
నా క్లినిక్ గుమ్మానికి మూడు భాషలు కట్టేసి ఉంటాయి.
కొండ దిగినవాళ్ళు మేకతో సవరలో మాట్లాడతారు,
నాతో ఒడియాలో.
మేక అన్నింటికీ ఒకటే జవాబు చెబుతుంది.

చీటీ ఒడియాలో రాస్తాను,
కరవబోతే మాత్రం తెలుగులో తిడతాను.
అమ్మభాషలో తిడితేనే
కుక్క నమ్ముతుంది.

చీటీలో మొదటి గడి జంతువు పేరు,
తర్వాత వయసు,
ఆ తర్వాత యజమాని పేరు.
ఇరవై రెండేళ్ళుగా
ఈ మూడో గడి దగ్గరే పెన్ను నత్తుతోంది.

సొంబారి అని పదేళ్ళ పిల్ల,
కడుపుబ్బిన మేకపిల్లను మెడ చుట్టూ వేసుకుని
తెల్లారేసరికి దిగింది.
"ఎవరిదే ఇది?"
"ఎవరిదీ కాదు, మేమే దానివాళ్ళం."
ఏం రాయను?
నూనె పట్టించి, ఎడమ డొక్క నిమిరి నిమిరి
అరగంటకి గాలి తీశాను.
మేక త్రేన్చింది. పిల్ల కూడా, ఎందుకో.
ఫీజు కింద ఒక కొండచీపురు బల్ల మీద పెట్టి పోయింది.
మా ఇంట్లో చీపుర్లు కొనం.

రైలు గార్డు పొట్నూరు లోకనాథం గారు
రిటైరయ్యాక పెంచిన కుక్క పేరు సిగ్నల్.
పద్నాలుగేళ్ళకి దాని మూత్రపిండాలు చేతులెత్తేశాయి.
నేను సిరంజి తీశాను.
ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు:
"నాలుగు గంటల బండి ఎల్లనీ అమ్మా,
దాన్ని చూసి తోక ఊపడం ఈడికి డ్యూటీ."
మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం.
ఆ రోజు బండి నలభై నిమిషాలు లేటు.
ముప్పై ఏళ్ళు ఆలస్యాలకి సంజాయిషీలు రాసిన మనిషి
గడియారం చూసుకుని
మొదటిసారి సంతోషించాడు.

బండి వచ్చింది.
తోక కదిలిందో లేదో
నేను చూడలేదు. ఆయన చూశానన్నాడు.

ఇంటికెళితే నా చేతులు సబ్బుకి లొంగవు.
సుదర్శన్ అన్నం పెడుతూ
"ఈవేళ ఆవా, గేదా?" అంటాడు, వాసన పట్టి.
ఇతిశ్రీ నాన్నతో ఒడియా, నాతో తెలుగు,
గంజి అనే తెల్లపిల్లితో
వ్యాకరణం లేనిదేదో మాట్లాడుతుంది.

"అమ్మా, గంజి గిన్నె దగ్గరే కూర్చుంటోంది,
నీళ్ళు మాత్రం తాగట్లేదు."
"ఎండకి," అన్నాను.
ఫోన్లో ఎవరిదో గేదె పొదుగు ఫోటో చూస్తున్నాను అప్పుడు.
మూడో రోజు చిగుళ్ళు పసుపు.
ఊళ్ళో ప్రతి నాలుకా చాపించి చూసేదాన్ని,
నా కాళ్ళ సందున తిరిగే నాలుక చూడలేదు.

ఐదు రాత్రులు సెలైను.
కిటికీ ఊచకి సీసా వేలాడదీసి
కింద చాప మీద పడుకున్నాను.
ఆ ఐదు రోజులూ నా కూతురు
నాతో ఒడియాలోనే మాట్లాడింది,
మర్యాదగా, పొరుగింటావిడతో మాట్లాడినట్టు.
అంతకన్నా పెద్ద తిట్టు
నాకే భాషలోనూ తెలీదు.

పిల్లి బతికింది.
బతికించానని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

ఆరో రోజు గంజి లేచి
ఎండుచేప తోకని గదంతా ఈడ్చింది.
అప్పుడు గుర్తొచ్చింది,
పదకొండేళ్ళలో దీనికి ఒక్క చీటీ కూడా రాయలేదని.
ఇతిశ్రీకే ఇచ్చాను పెన్ను.
మూడో గడిలో తన పేరు రాసింది,
నాన్న పేరు ఇరికించింది.
"మరి నేనో?"
"చోటు చాల్లేదే అమ్మా," అంది.

తెలుగులోనే అంది.

అంతలో కరెంటు పోయింది.
టార్చి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరకి పరిగెత్తాను.
పెరుగు గిన్నె పక్కన
రేబిస్ మందు ఇంకా చల్లగానే ఉంది.
తలుపు మూసి, దానికి వీపు ఆనించి
కరెంటు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.