నూటయాభై మీటర్లు

ఇస్కపల్లి ఉప్పుమళ్ళలో పుట్టినోడికి
తెలుపంటే కళ్ళమంట.
చలంటే తుఫానుకి తడిసిన గోనెపట్టా.
పటాలంలో చేరాక గుల్‌మార్గ్‌లో
మొదటిసారి మంచు చూపించి
"ఎట్లుంది?" అన్నాడు సుబేదారు.
మా నాయన ఎవరికీ చెప్పకుండా
ఇంత ఉప్పు తెచ్చి ఇక్కడ దాచాడనుకున్నా, సార్, అన్నాను.
ఆ మాటకి మూడు రౌండ్లు ఎక్కువ పరిగెత్తించాడు.

కాళ్ళకి రెండు పలకలు, వీపున తుపాకి.
జారాలి, ఎక్కాలి, మళ్ళీ జారాలి.
గుండె నోట్లోకొచ్చిన చోట ఆగి
యాభై మీటర్ల అవతల
అయిదు నల్లచుక్కల్ని తెల్లగా మార్చాలి.
పడుకుని కొడితే చుక్క గూడూరు నిమ్మకాయంత,
నిలబడి కొడితే కొబ్బరిచిప్పంత.
రెండు గుండెచప్పుళ్ళ మధ్య
ఒక సందుంటుంది, వేలు అక్కడ కదలాలి.
తప్పిన ప్రతి గుండుకీ
నూటయాభై మీటర్ల చుట్టు,
ఎటూ పోని చుట్టు,
అందరూ చూస్తుండగా.

మార్చి నెల. ఎస్టోనియాలో ఒటెపా అనే ఊరు.
పగటి ఎండకి దారి సంగటిలా మెత్తబడింది.
తెల్లారకముందే బస్తాలు భుజానేసుకుని
మనుషులు మంచు మీద ఏదో చల్లుకుంటూ పోతున్నారు,
వరిమడిలో యూరియా చల్లినట్టు.
వంగి రెండు పలుకులు నాలిక మీద వేసుకున్నాను.
ఉప్పు.
ఉప్పు పడితే మంచు గట్టిపడుతుందంట.
నలభై ఏళ్ళు మా నాయన పాదాల్ని తిన్న ఉప్పు
ఈడ మనుషుల్ని మోస్తోంది.

నేను మంచు నాకడం చూసి
నవ్వింది రైవో ఒక్కడే.
ఆ దేశపోడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద.
సామాన్ల కొట్టంలో పలకలకి మైనం రుద్దుతూ
వచ్చీరాని ఇంగ్లీషులో, రానిచోట వేళ్ళతో,
తన బతుకంతా అంకెల్లో చెప్పాడు.
డెబ్భైమూడు. అరవైఎనిమిది. ఎనభైఒకటి.
నడుంనొప్పితో ఒక ఏడాదంతా సున్నా.
ఒక్కసారి, ఒళ్ళు కాలే జ్వరంలో, పదిహేడు.
ఆ పదిహేడు దగ్గర మైనం రుద్దడం ఆపాడు.
ఆ రోజు పదికి పది చుక్కలూ తెల్లబడ్డాయంట.
మళ్ళీ అట్లాంటి రోజు కోసం
తొమ్మిది శీతాకాలాలు,
మెట్టరైతు మబ్బుని చూసినట్టు.

మరి ఎందుకు వదల్లేదని అడగబోయి ఊరుకున్నా.
బస్తా ధర పడిపోయిన ఏడు
మా నాయన్ని ఎవరన్నా అడిగారా ఆ మాట?

పందెంలో నాకు నాలుగు గుళ్ళు తప్పాయి.
తొంభై ఇద్దరిలో తొంభైఒకటి.
నా వెనకోడికి చేతికర్ర విరిగింది, లేకుంటే వాడూ దాటేసేవాడు.
గీత దగ్గర రైవో, తడిచొక్కా మార్చకుండా,
ఎప్పుడో వచ్చేసినోడు, ఇంకా నిలబడే ఉన్నాడు.
"మాల్కొండా!" అని అరిచాడు.
మాలకొండయ్య అనడానికి అక్కడ ఎవరికీ నోరు తిరగదు.

ఈ మార్చిలో వాడి ఆఖరి పందెం.
ఉప్పుకుప్పకి తాటాకు కప్పుతూ కప్పుతూ
ఫోను టోపీలో పెట్టుకుని చూశాను.
బొమ్మ ఆగి ఆగి వస్తోంది.
గడ్డం నెరిసింది. నిలబడి కొట్టే వంతు.
ఒకటి, తెలుపు. రెండు. మూడు.
నాలుగు కూడా.
అయిదోదానికి వాడు ఊపిరి బిగబట్టాడు, నేనూ.
అది నల్లగానే ఉండిపోయింది.

ఫోను చెంచురామయ్య చేతిలో పెట్టి
మడిగట్టు ఎక్కాను.
చుట్టూ కొలిస్తే నూటయాభైకి అటూఇటూ.
పరిగెత్తాను. మోకాలు పట్టేసింది.
కుంటుతూ పరిగెత్తాను.
"ఎండలో ఏందయ్యా ఆ తిరగడం?" వెంగమ్మ కేక.
"ఒకటి తప్పిందే."
"ఏం తప్పింది? ఎవరికి?"
చెప్పడానికి ఊపిరి చాల్లేదు.
ఇంకా సగం చుట్టు ఉంది.