పొలిమేర

గోడ మీది కాగితంలో
లోర్నా చేతులకి పొలిమేర ఉంది.
వేడి కట్టు వెయ్యొచ్చు,
కరెంటు ప్యాడ్లు అంటించొచ్చు,
డాక్టరు ఇదే కప్పు కింద ఉంటేనే.
వెన్నుపూస సర్దడం మాత్రం
ఆయన ఉన్నా లేకున్నా ఆమె పని కాదు.

పదకొండేళ్లుగా చూస్తోంది.
ఏ పూస అలిగిందో
చొక్కా మీంచే చెప్పగలదు.

ఇవాళ మంచు. డాక్టరు కారు
మైనాట్ రోడ్డులో కూరుకుపోయింది.
బల్ల మీద బోర్లా పడున్న ఆర్విడ్,
గోధుమ బస్తాలు మోసిన నడుము,
"నీకు తెలుసుగా తల్లీ, ఒక్క నొక్కు" అన్నాడు.

బొటనవేళ్లు కదిలాయి.
జేబుల్లోకి పోయాయి.
కాసేపాగి
మెషీను ప్లగ్గు కూడా పీకేసింది.

దుప్పటి గురించి కాగితంలో ఏమీ లేదు,
రెండుసార్లు చూసింది.
భుజాల దాకా కప్పి
కిటికీ దగ్గర నిలబడింది
హెడ్‌లైట్ల కోసం.